ఆకలి కాని ఆకలి

కోసలదేశపు రాజు ప్రసేనజిత్తు ఒకనాడు ద్రోణ పరిమాణము గల అన్నమును భుజించి, ఆయాసముతో రొప్పుచు బుద్ధ భగవానుని సన్నిధికి వచ్చెనని సంయుత్తనికాయము తెలుపుచున్నది. బుద్ధుడు అతనిని మందలింపలేదు. మితాహారమును గూర్చి ఒక చిన్న గాథను మాత్రము చెప్పెను. రాజు తన వెనుక నిలిచియున్న సుదర్శనుడను యువకునిచే దానిని కంఠస్థము చేయించి, ప్రతిదినము తాను భోజనము చేయువేళ చదువుచుండుమని, అందులకు దినమునకు నూరు కార్షాపణములు ఇచ్చునట్లు ఏర్పాటు చేసెను. క్రమక్రమముగా ద్రోణము కాస్త నాళికకు దిగెను. దేహము తేలికపడిన రాజు తన అవయవములను చేతితో నిమురుకొని సంతసించి, బుద్ధుని దయను కొనియాడుటతో ఆ సూత్రము ముగియుచున్నది.

కథ అచట ముగియుట బాగుగనే యున్నది. కాని బరువు తగ్గినవారి జీవితము మేను నిమురుకొన్న నాటితో ముగియదు. ఆ మరునాడు రాజునకు ఒక దుఃఖవార్త వచ్చియుండినచో అతని చేయి ఏ వైపునకు పోయెడిది? వెనుకటి ద్రోణము అతనికి కేవలము అన్నమేనా, లేక రాజ్యభారమునకు ఒక మందు కూడనా? నేడు ఆహారనియమముచేతనో శస్త్రచికిత్సచేతనో ఇరువది, ముప్పది కిలోల బరువు తగ్గించుకొన్న అనేకులు ఎదుర్కొనుచున్న ప్రశ్న ఇదియే.

రాయపూరునకును భిలాయికిని నడుమ, ఖారూన్ నదికి పడమటి దిక్కున, హౌరా-ముంబయి రైలుమార్గముపై దుర్గ్ జిల్లాలో కుమ్హారి అను ఊరు కలదు. భిలాయిలో తొలి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు ప్రారంభించెను. నాడు మధ్యప్రదేశమునకును, 2000 నవంబరు 1వ తేదీ నుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకును చెందిన ఆ ఉక్కునగరమునకు తెలుగు జిల్లాలనుండి పనికై వచ్చి, చుట్టుపట్ల స్థిరపడిన కుటుంబములు అనేకములు. కర్మాగారము రాత్రింబవళ్లు నడచును. పని మూడు పాళులుగా సాగును. అట్టి గృహమునొకదానిని ఊహింపవచ్చును. ఇల్లాలు రెండేండ్ల క్రిందట వైద్యుడు హెచ్చరింపగా పట్టుదలతో ముప్పది కిలోలు తగ్గినది. చుట్టములు మెచ్చుకొనిరి, పాత రవికెలన్నియు కుట్లు విప్పి బిగించుకొనవలసి వచ్చినది. భర్త రాత్రి పాళికి పోయినాడు. కుమారుడు దూరదేశమున ఉన్నాడు. స్వగ్రామమున తల్లి గతించి మూడు మాసములు కాలేదు. రాత్రి పది గంటలకు ఆమె వంటింటిలోనికి పోయి, కంచము పెట్టుకొనక, దీపమైనను వేయక, నిలుచుండియే జంతికల డబ్బా మూత తీయుచున్నది. ఆమెకు ఆకలి లేదు. ఆకలి లేదని ఆమెకును తెలియును.

ఈ దృశ్యమును చూచి 'మనోబలము చాలలేదు' అని తీర్పు చెప్పుట సులభము. ఆమె తనకు తానే ఆ తీర్పు చెప్పుకొనును. చెప్పుకొని, ఆ సిగ్గును మరచుటకై మరల డబ్బా తెరచును. కాని ఆ తీర్పు సత్యమేనా?

శరీరశాస్త్రము కాదనుచున్నది. రెండవ ప్రపంచయుద్ధపు చివరి దినములలో, 1944-45 సంవత్సరములలో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు వారి సమ్మతితోనే 24 వారములు అర్ధాహారము నిచ్చి పరిశీలించెను. వారు యుద్ధమున ఆయుధము పట్టుటకు మనస్సాక్షి అంగీకరింపక, మానవసేవగా ఈ కష్టమును స్వీకరించినవారు. మనోబలము లేనివారని వారిని అనలేము. అట్టివారును దినమెల్ల అన్నమును గూర్చియే తలపోసిరి, వంటపుస్తకములు చదువుచు కాలము గడపిరి. ఆహారము మరల పుష్కలముగా లభించినప్పుడు కొందరు కడుపు పగులునంత తిని, ఐనను తృప్తి లేదనిరి. 2011లో ఆస్ట్రేలియానుండి వెలువడిన ఒక పరిశోధన, బరువు తగ్గినవారి దేహమున ఆకలిని పుట్టించు, అణచు ద్రవ్యములు ఒక సంవత్సరము గడచినను పూర్వస్థితికి రాలేదని చూపినది. దేహము తాను కోల్పోయిన దానిని నష్టముగనే లెక్కించి, తిరిగి రాబట్టుకొన జూచును. నిద్ర తక్కువైనచో ఈ ఆకలి ఇంకను పెరుగును; రాత్రి పాళీల ఊరిలో ఇది చిన్న విషయము కాదు.

ఇంత ప్రయోగము లేకయే మన పెద్దలు దీనిని గమనించిరి. భాగవతము ఏకాదశస్కంధమున ఎనిమిదవ అధ్యాయములో అవధూత యదుమహారాజునకు తన గురువులను చెప్పుచు, గాలమునకు చిక్కిన చేప వద్దకు వచ్చునప్పుడు ఒక విచిత్రమైన మాట పలుకును: ఆహారము మానినవానికి తక్కిన ఇంద్రియములు లొంగును గాని నాలుక మాత్రము లొంగదట, పైగా బలియునట. ఉపవాసమే ఇంద్రియజయమని నమ్మువారికి ఇది చేదుమాట. గాంధీమహాత్ముడును తన ఆత్మకథలో ఇట్టి అనుభవమునే దాచక చెప్పెను. ఉపవాసానంతరము ఆహారము అధికముగ రుచించుచుండుట గమనించి, ఉపవాసము సంయమమునకు వలెనే భోగమునకును సాధనము కాగలదని ఆయన గ్రహించెను. ఏకాదశినాడు కటిక ఉపవాసముండి ద్వాదశి పారణలో రెండు దినముల భోజనము చేయువారు మన ఇండ్లలో లేకపోలేదు. వారిని పరిహసింపనక్కర లేదు. అవధూత వారిని ముందే ఎరుగును.

గీత రెండవ అధ్యాయమున 59వ శ్లోకము ఈ నాలుక పట్టునకు 'రసము' అని పేరు పెట్టినది. విషయములు తొలగినను రసము నిలుచునని, పరతత్త్వదర్శనముచే మాత్రమే అదియును తొలగునని దాని భావము. 'రసము' అను శబ్దము మన భాషలో మిక్కిలి ఆలోచింపదగినది. నాలుకకు తగులు రుచియు రసమే, కావ్యమున హృదయమును కదలించు భావమును రసమే. ఆ ఇల్లాలు చీకటిలో వెదకుచున్నది ఏ రసము? జంతికలో ఉప్పు, కారము, నూనె ఉన్నవి. వానితోపాటు తల్లి వంటింటి వాసన, చిన్ననాటి సంక్రాంతి, ఎవరో తనకై వండి పెట్టిన కాలము ఉన్నవి. ఆమె తినుచున్నది శోకమును. ఛాందోగ్యమున చెప్పిన ఆహారశుద్ధిని వ్యాఖ్యానించుచు శంకరులు ఆహారమనగా ఇంద్రియములు లోనికి గైకొనునదెల్లను అని అర్థము చెప్పిరి. రామానుజులు భుజించెడి అన్నమునే గ్రహించిరి. ఈ విషయమున ఇరువురి అర్థములును ఒక చోటనే కలియుచున్నవి: నోటిలోనికి పోవునది అన్నమే, కాని దానిని పిలిచినది మనస్సు.

కుమ్హార్ అనగా హిందీలో కుమ్మరి. ఊరి పేరు వినగనే వేదాంతము చదివినవారికి కులాలచక్రము జ్ఞప్తికి వచ్చును. కుమ్మరి కుండను దింపి, కఱ్ఱను ప్రక్కన పెట్టినను సారె వెంటనే నిలువదు. వెనుకటి వేగము తీరువరకు తిరుగుచుండును. జ్ఞానికి ప్రారబ్ధశేషము ఎట్లు నిలుచునో చెప్పుటకు శాస్త్రకారులు ఈ ఉపమానమును వాడిరి. బరువు తగ్గినవారికిని ఇది అన్వయించును. సారె ఇంకను తిరుగుచున్నదని కుమ్మరి తన్ను నిందించుకొనడు. దానిని చేతితో బలిమిని ఆపబోయినవాడు వ్రేళ్లు నొప్పించుకొనును. చేయదగినది మరల కఱ్ఱ పెట్టకుండుటయే.

ఐనను 'మరల కఱ్ఱ పెట్టకుము' అనుట నిషేధము మాత్రమే. అన్నము ఇంతకాలము ఆ ఇంటిలో ఒక పని చేసినది: ఒంటరితనమున తోడైనది, అలసటలో విశ్రాంతినిచ్చినది, చెప్పుకొనలేని కోపమును మింగించినది. ఆ పనిని చేయుటకు వేరొకటి రానిచో అన్నమే తిరిగి వచ్చును, లేదా అన్నమునకంటె చెడ్డది వచ్చును. కడుపు శస్త్రచికిత్స చేయించుకొన్నవారిలో రెండవ సంవత్సరమున మద్యపానదోషము మునుపటికంటె పెరిగినట్లు 2012లో అమెరికాలో ఒక పరిశోధన ప్రకటితమైనది. శస్త్రచికిత్స పిదప మద్యము త్వరగా రక్తమున కలియుట అందులకొక కారణము. మనస్సు తన పాత ఆసరాను పోగొట్టుకొని క్రొత్తదానిని వెదకుట వేరొక కారణము కావచ్చును. మద్యము ముట్టనివారిలో ఇది అంగడి సరుకుల వ్యామోహముగను, అర్ధరాత్రి వరకు చేతిఫోను చూచుటగను, సన్నబడిన దేహముపై గర్వముగను పరిణమించుట కలదు. చివరిది అన్నిటికంటె మర్యాదగా కనబడునది గనుక అన్నిటికంటె ప్రమాదకరము.

భజనయు జపమును మంచి ప్రత్యామ్నాయములే గదా యని సాధకులు అడుగుదురు. కావచ్చును, కాని జపమాలను డబ్బాకు బదులుగా పట్టుకొని, లోన మూలుగుచున్న దుఃఖమును వినకుండుటకై నామమును గట్టిగా పలికినచో, అది జపము కాదు, మూత. తినినందులకు శిక్షగా నూటయెనిమిది చేయుట మరియు తప్పు. భగవన్నామమును దండనగా మార్చినవారికి నామముపై ప్రీతి ఎట్లు నిలుచును? జపమునకు ముందు ఒక చిన్న పని కలదు. డబ్బా ముందు నిలిచి 'ఇది ఆకలియా? కాదేని ఏమి?' అని అడిగి, వచ్చిన జవాబునకు పేరు పెట్టుట. 'అమ్మ లేదు' అని ఒక్కమారు నోటితో అనగలిగినచో కన్నీరు వచ్చును. కన్నీరు వచ్చిన చోట జంతికల పని చాల వరకు తీరును. వ్యసనములను పరిశోధించిన అలన్ మార్లట్టు అను అమెరికా మనశ్శాస్త్రవేత్త, కోరికను సముద్రపు అలగా చూడుమనెను: అది లేచును, శిఖరమందును, విరుగును, దానితో పోరాడకయు దానికి లొంగకయు గమనించుచు నిలిచినచో చాలును. మన వేదాంతము దీనినే సాక్షిభావమని బోధించుచున్నది. బోధించుట ఒకటి, రాత్రి పది గంటలకు వంటింటిలో అభ్యసించుట వేరొకటి.

తక్కినవి మిక్కిలి సామాన్యములు. పగలు భోజనము మానినవారికి రాత్రి నిగ్రహముండదు గనుక, వేళకు కూర్చుండి, కంచములో వడ్డించుకొని తినుట మొదటి ఔషధము. రాత్రి తినవలసియే వచ్చినచో అప్పుడును కంచము పెట్టుకొని, దీపము వేసి, కూర్చుండి తినవలెను. దాచి తినిన ఆహారము కడుపులోకంటె మనస్సులో ఎక్కువ బరువు. అలసట ఐనచో నిద్ర, కోపము ఐనచో ఒక కోసు నడక, ఒంటరితనమైనచో మనిషి. మనిషికి బదులు మరియొక వస్తువు ఎన్నటికిని చాలదు. ఉక్కునగరపు తెలుగు పిల్లలలో ఇంట తెలుగు మాటలాడియు తెలుగు అక్షరములు రానివారు కలరు. సాయంకాలము నలుగురు పిల్లలకు అక్షరములు దిద్దించు ఇల్లాలికి రాత్రి పది గంటల నిశ్శబ్దము అంత లోతుగా ఉండదు. ఇన్ని చేసినను అదుపు తప్పి అమితముగా తినుట తరచుగా జరుగుచున్నచో, అది వ్యాధి కావచ్చును. రాయపూరులోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థలో మానసికవైద్య విభాగము కలదు. జ్వరమునకు వైద్యుని చూచువారు దీనికి చూచుటకు సిగ్గుపడనేల?

ఇంకొక మాట. దుఃఖమున తినుట యెల్ల దోషమని ఎంచరాదు. ఇంట మరణము సంభవించిననాడు పొయ్యి వెలిగింపక, బంధువులో పొరుగువారో తెచ్చిన అన్నము తినుట మన ఆచారము. అన్నమును నిందింపరాదని తైత్తిరీయము వ్రతముగా విధించినది. అచట అన్నము ఓదార్పే. కాని దానిని తెచ్చిన చేయి ఒకటి ఉన్నది, ప్రక్కన కూర్చుండి 'ఇంకొక ముద్ద తినుము' అనిన గొంతు ఒకటి ఉన్నది. చీకటి వంటింటిలో అన్నము మాత్రము మిగిలి, ఆ చేయియు గొంతును లేకపోయినవి. ప్రసేనజిత్తు ఈ మర్మము నెరిగినట్లున్నాడు. గాథను తానే జ్ఞాపకముంచుకొనవచ్చును గదా. అట్లు చేయక, కంచము ముందు మరియొక మనిషి స్వరమునకై దినమునకు నూరు కార్షాపణములు వెచ్చించెను.

ఆ రాజునకు దుఃఖవార్తయును వచ్చినది. అంగుత్తరనికాయమున ఆ సంగతి కలదు. అతడు బుద్ధుని చెంత కూర్చుండియుండగా ఒక మనుష్యుడు వచ్చి, రాణి మల్లిక మరణించెనని చెవిలో చెప్పెను. రాజు భుజములు వాల్చి, తల వంచి, మాట రాక కూర్చుండెను. ఆనాడు బుద్ధుడు మితాహారమును గూర్చి ఏమియు చెప్పలేదు. అట్లు కూర్చున్న రాజును చూచి, ఎవరికిని తప్పని ముదిమిని, రోగమును, మరణమును గూర్చియు, శోకశల్యమును గూర్చియు అతనితో మాటలాడెను.