మచ్చ చుక్కదా, అద్దానిదా?

మేడ మీద టెలిస్కోపు పెట్టుకున్నవాళ్లు ఆకాశానికి ఎన్ని రాత్రులు ఇస్తారో, పాడైన సామానుకు ఇంచుమించు అన్ని పగళ్లు ఇస్తారు. మోటారు మొరాయిస్తుంది, గేరు పళ్లు అరుగుతాయి, వానాకాలంలో కటకాలకు బూజు పడుతుంది, మంచు పట్టి అద్దం మసకబారుతుంది. దీన్నంతా చూపుకు అడ్డొచ్చిన చాకిరీగానే లెక్కవేస్తారు. నా ఆలోచన వేరు. పరికరం సవ్యంగా నడిచినంతసేపూ అది మనకు కనపడదు. అది చూపించినదల్లా ఆకాశంలో ఉన్నదే అనుకుంటాం. చెడినప్పుడే, మన చూపులో దాని పాలెంతో బయటపడుతుంది. ఆ పాలును విడదీయడం వచ్చినవాళ్లకే తమ చూపును నమ్మే హక్కు ఉంటుంది.

దీనికి విలియం హెర్షెల్ కన్నా మంచి సాక్షి నాకు తోచడు. సంగీతమే జీవనాధారమైన ఆయన ఇంగ్లండులోని బాత్ పట్టణంలో, తన ఇంట్లోనే, రాగీ తగరమూ కలిపిన లోహంతో అద్దాలు పోతపోసేవాడు. ఆ లోహం గాలికీ తేమకీ మకిలిపడుతుంది. మకిలిపడినప్పుడల్లా మళ్లీ మెరుగు పెట్టాలి; మెరుగు పెట్టేటప్పుడు అద్దం ఒంపు కూడా మారిపోవచ్చు. అంటే ప్రతి మరమ్మతూ అద్దాన్ని మళ్లీ పుట్టించడమే. ఏకబిగిన పదహారు గంటలు ఆ పని మీద నుంచి చెయ్యి తీయకపోతే చెల్లెలు కరోలిన్ నోటికి అన్నం అందించేది. 1781 మార్చి 13 రాత్రి ఒక చుక్క ఆయనకు తేడాగా కనిపించింది. 227 రెట్లు పెంచే కటకం తీసి 460, ఆపైన 932 రెట్ల కటకాలు పెట్టి చూశాడు. పెంపుకు తగ్గట్టు ఆ చుక్క పెరిగింది, పక్క నక్షత్రాలు ఆ లెక్కన పెరగలేదు. తోకచుక్క అనుకున్నాడు గానీ అది యురేనస్. దాన్ని 1690లోనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్లామ్‌స్టీడ్ చూసి నక్షత్రంగా రాసుకున్నాడు. ఫ్లామ్‌స్టీడ్ పరికరం చిన్నది, నిజమే. కానీ తన అద్దంలో నక్షత్రం ఎలా ఉండాలో హెర్షెల్ చేతివేళ్లకు తెలుసు. ఆ చుక్క అలా లేదు కాబట్టే ఆగి చూశాడు. అలాంటి జ్ఞానం చవకగా వచ్చేది కాదు. అదే ఏడు ఆగస్టులో మూడడుగుల అద్దం పోయబోతే ఒకటి చల్లారుతూ పగిలింది. మరోసారి కరిగిన లోహం కారి నేల మీదికి పారితే పరచిన రాతిపలకలు పేలి ఇంటి కప్పు దాకా ఎగిరాయి.

ఇంత తెలిసినవాడూ పొరబడ్డాడు కదా అని అడగవచ్చు. యురేనస్‌కు ఆరు ఉపగ్రహాలున్నాయన్నాడు. అందులో నాలుగు లేనే లేవు. ఒక దశలో వలయం కూడా ఉందేమోనని అనుమానించాడు. అయితే ఆ అనుమానాన్ని ఏం చేశాడో చూడాలి: లోపం అద్దానిదేమో తేల్చుకోడానికి అద్దాన్ని పావు చుట్టు తిప్పి మళ్లీ చూశాడు. ఏళ్ల తరబడి పరీక్షించి, చివరికి 1798లో ఆ వలయాన్ని తానే కొట్టేశాడు. పరికరం మరమ్మతు తెలిసినంత మాత్రాన తప్పు చేయకుండా ఉంటామని నేను అనడం లేదు. తప్పును ఎక్కడ వెతకాలో తెలుస్తుంది, అంతే. అది చిన్న సంగతి కాదు.

ఇంకో అభ్యంతరం బరువైనది. ఈనాటి పరికరంలో చిప్పు కాలితే ఇంట్లో ఎవరూ బాగుచేయలేరు; కొత్తది కొనడమే. ఒప్పుకుంటాను. కానీ నేనడుగుతున్నది చిప్పు అతికించే నైపుణ్యం కాదు, రోగం పోల్చుకోవడం. ఫొటోలో నక్షత్రం కొన్ని నిమిషాలకోసారి లెక్కతప్పకుండా అటూ ఇటూ ఊగితే గేరు వైపు చూడాలి. తన వెలుగు మార్చుకునే నక్షత్రాన్ని రాత్రంతా కనిపెట్టేవాళ్లకు, అది మెల్లగా మసకబారినట్టు తోస్తే, పక్క నక్షత్రాలూ అలాగే తగ్గాయా అని చూసే అలవాటు ఉండాలి. తగ్గితే దోషం మంచుదో మబ్బుదో, నక్షత్రానిది కాదు. ఈ విడదీత రానివాళ్లు అద్దం మీద పట్టిన మంచును నక్షత్రం ఖాతాలో రాస్తారు. దుకాణదారు సామాను మార్చి ఇస్తాడు గానీ, నిన్న రాసుకున్న లెక్కల్లో ఏది కొట్టేయాలో ఆయన చెప్పలేడు.

అందుకే ఒక మాట. ఈసారి మీ టెలిస్కోపులో చుక్కకు తోక మొలిచినట్టు కనిపిస్తే, స్క్రూడ్రైవర్ అందుకోకముందే గొట్టాన్ని దాని పట్టీల్లో కాస్త తిప్పి చూడండి. తోక కూడా గొట్టంతో పాటు తిరిగితే, లోపం గొట్టంలోనే ఉంది.