వద్దండీ, పర్వాలేదు

ఒడిశా చిత్రకారుడు ప్రద్యుమ్న కుమార్ మహానందియా 1977లో ఢిల్లీ నుంచి స్వీడన్‌కి సైకిల్ మీద బయల్దేరాడు. మనసిచ్చిన షార్లెట్ అక్కడుంది, విమానం టికెట్‌కి డబ్బుల్లేవు. దారిలో ఎదురైనవాళ్ల బొమ్మలు గీసిచ్చేవాడు. వాళ్లు తిండి పెట్టేవారు, పడుకోవడానికి చోటిచ్చేవారు.

అందరూ ఆ ప్రేమను మెచ్చుకుంటారు. నాకైతే ఆ భోజనాల మీదే ఆసక్తి. ముక్కూమొహం తెలియనివాళ్లు పెట్టింది తినడానికి గుండె కావాలి. ఆయన చేతిలో కనీసం పెన్సిలుంది! అదీ లేనివాళ్లో?

మన హైవే పక్కన పంక్చర్ షాపతను ఓ సైకిల్ యాత్రికుడి ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచుతాడు. బుడగలొచ్చే చోట వేలు పెట్టి, తుడిచి, గరుకు కాగితంతో రుద్ది అతుకు వేస్తాడు. “డబ్బులొద్దులే బాబూ, చాలా దూరం పోవాలిగా” అంటాడు. ఆ యాత్రికుడు వెంటనే పర్సు తీస్తాడు, బలవంతంగా నోటు చేతిలో పెడతాడు. మర్యాదే అనుకోండి. కానీ ఎవరికీ బాకీ పడకూడదన్న గర్వం కూడా అందులో ఉంది. పైగా, తక్కువ సంపాదించేవాడికి ఇచ్చే హక్కే లేదన్నట్టు!

నన్నడిగితే, ఆ నోటు జేబులోనే ఉండనిచ్చి, అతని పక్కన బల్ల మీద కూర్చోవాలి. ఏ ఊరు, ఎందాకా, ఇంట్లో ఏమన్నారు అని అతనడిగే ప్రశ్నలన్నిటికీ తీరిగ్గా జవాబు చెప్పాలి. అతను తెప్పించిన టీ కూడా తాగాలి.