పూటకూళ్లవాని బాధ్యత

ధ్యానభాగము: లూకా 10:30–37



మంచి సమరయుని గూర్చి మనము అనేక పర్యాయములు వినియున్నాము. ఆ పూటకూళ్లవానిని గూర్చి మాత్రము తలంచుట అరుదు. సమరయుడు మరునాడు రెండు దేనారములిచ్చి వెళ్లిపోయెను. అది ఆనాటి కూలివాని రెండు దినముల కూలి. సొమ్ము కొద్దిపాటిది, గాయపడినవాడు మాత్రము ఆ యింటనే మిగిలెను.

మన పల్లెల బిడ్డలు చదువుకొరకును పనికొరకును హైదరాబాదు వెళ్లి, సనత్‌నగర్, అమీర్‌పేట ప్రాంతములలోని హాస్టళ్లలో దిగుచున్నారు. 2020 మార్చిలో కరోనావలన లాక్‌డౌన్ విధింపబడగా, అమీర్‌పేట ప్రాంతమున పలువురు హాస్టళ్లవారు వారిని గదులు ఖాళీ చేయుమనిరి. బిడ్డలు అనుమతి పత్రములకై పోలీసు ఠాణాల యెదుట బారులు తీరిరి. బయలుదేరినవారిలో అనేకులు ఆంధ్ర సరిహద్దున గరికపాడు వద్ద నిలిచిపోయిరి. పిమ్మట, ఖాళీ చేయింపవద్దని ప్రభుత్వమే చెప్పవలసివచ్చెను.

ఆ యజమానులను నిందించుట మనకు సులభము. వారికిని పిల్లలున్నారు, వారి భయము అబద్ధము కాదు. అయితే మన గ్రామములో పంతులమ్మకో, నర్సుకో, కోతలకు వచ్చిన కూలీలకో గది యిచ్చి, వారికి జ్వరము వచ్చిన రాత్రి మనమేమి చేసితిమి?

అద్దె గదికి వెల. మనిషికి వెల కాదు. గదిలో దిగిన నాడే అతని యింటివారి ఫోను నంబరు వ్రాసికొందము. జబ్బుపడినయెడల నీళ్లు, గంజి అందింతము. మనకు తోచిన మాత్రలు మ్రింగింపక వైద్యునికి చూపింతము. ప్రమాదమైనచో 108కి ఫోను చేయుదము. ఆ వాహనము ఉచితముగా వచ్చును. సనత్‌నగర్‌లో భీమాగల కార్మికులకు ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి యున్నది, పంజగుట్టలో నిమ్స్ యున్నది. కాని పరవూరివానికి దారి చూపువాడు కావలెను గదా! అంటువ్యాధియైతే వేరుగా నుంచుదము, వీధిలోనికి మాత్రము త్రోయకుందము. అతని సొమ్ము, సామాను భద్రపరతము. అతని రోగమును ఊరంతట చాటకుందము.

మత్తయి 25వ అధ్యాయములో ప్రభువు పరదేశిని, రోగిని వేరువేరుగా పేర్కొనెను. మన గదిలో జబ్బుపడిన అతిథియందు ఆ యిద్దరును ఒక్కడైయున్నారు. నేడు మన బిడ్డ ఎవరి గడపలోనో పడుకొనియున్నాడు. ఎవరి బిడ్డయో మన గడపలో నున్నాడు. అక్కడ మన బిడ్డకు ఏమి జరుగవలెనని ప్రార్థించుచున్నామో, ఇక్కడ ఈ బిడ్డకు దానినే చేయుటకు ప్రభువు మనకు ధైర్యము ననుగ్రహించును గాక. ఆమేన్.