దానమున దాత యెవరు?

విజయనగర కోశాధికారియైన విరూపణ్ణ, అచ్యుతదేవరాయల కాలమున, రాజానుమతి లేకయే ధనాగారపు సొమ్మును లేపాక్షి వీరభద్రాలయమునకు వ్యయపఱచెననియు, దండనాజ్ఞ వెలువడినదని విని స్వహస్తములతో కన్నులు పెకలించి గోడకు విసరెననియు జనులు చెప్పుకొందురు. అసంపూర్ణముగా నిలిచిన కల్యాణమండపము చెంత ఆ గోడపై ఎఱ్ఱని మరకలను నేటికిని చూపుదురు. ఆ కథ సత్యమో కాదో యెట్లున్నను, అది లేవనెత్తు ధర్మసందేహము మాత్రము సత్యము: పరుల సొమ్ముతో చేసిన దానమున పుణ్యమెవరిది?

వానకై ఆకాశము చూచు ఈ సీమలో కోశమును చేరిన ధనము రైతు స్వేదమే గదా! కావున కళకు ధనమిచ్చువాడు, రాయలేయైనను, యునెస్కో 2005 నాటి ఒడంబడిక ననుసరించి వర్ధమానదేశముల కొఱకు నెలకొల్పిన సాంస్కృతిక వైవిధ్య నిధియే యైనను, దాత కాడు, ధర్మకర్త మాత్రమే యని నా నిశ్చయము.

ధర్మకర్తకు పాత్రవివేక మావశ్యకము. ధర్మవరము చేరువనున్న నిమ్మలకుంటలో తోలుబొమ్మలాటకై మేకతోలును కాంతి చొచ్చునంత పలుచన చేసి, రంగులద్ది, సన్నని ఉలితో చిల్లులు పొడుతురు. తెరవెనుక దీపము వెలిగినపుడు సీత నగలు మెఱయుట ఆ చిల్లులవలననే. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. అయినను ఆట చూచువారు తఱుగగా, అవే చేతులు దీపపు గొడుగులు చేసి అమ్ముకొనుచున్నవి. గొడుగును అంగడి పోషించును. రాత్రి తెల్లవాఱులు రామాయణ మాడుటను, పద్యము కంఠస్థము చేయు బాలుని ఏండ్లకొలది శిక్షణను అంగడి పోషింపదు. ఒక్క సంవత్సరముతో ముగిసి, వెంటనే ఫలితముల పట్టిక నడుగు సహాయము ఆ బాలునికి చాలదు. ప్రజాధనము మొదట చేరవలసినది వానికే.