బిడ్డ అడుగునప్పుడు ఎవరు చెప్పవలెను?

(క్రైస్తవ కుటుంబము – చలనచిత్రములు)

ధ్యాన భాగము: యెహోషువ 4:1–7, 20–24





ఇశ్రాయేలీయులు యొర్దాను దాటిన దినమున దేవుడు వారికొక వింతైన ఆజ్ఞ యిచ్చెను. గోత్రమునకు ఒకడు చొప్పున పండ్రెండుమంది పోయి, యాజకుల పాదములు నిలిచిన చోటనుండి పండ్రెండు రాళ్లు ఎత్తుకొని రావలెను. యెహోషువ వాటిని గిల్గాలులో నిలువబెట్టించెను. ఎందుకు? రాబోవు దినములలో పిల్లలు ఆ రాళ్లను చూచి, ఇవి యేమిటని తమ తండ్రులను అడుగుదురు. అప్పుడు తండ్రులు దేవుడు చేసిన కార్యమును వారికి చెప్పవలెను. పస్కా పండుగ విషయములోను ఇదే క్రమము (నిర్గమ 12:26, 27). మొదట బిడ్డ కన్నులకు ఏదో ఒకటి కనబడును. తరువాత బిడ్డ అడుగును. పిమ్మట పెద్దవాడు చెప్పును. ఈ మూడింటిలో కడపటిది లేనియెడల ఆ రాళ్లు ఉత్త రాళ్లే.

సంఘములో అనేకులు నన్నడుగుచున్న మాట యొకటి కలదు. "అయ్యగారూ, పిల్లలు ఎటూ ఫోను వదలరు. దేవుని సినిమాలు ఏవైనా చెప్పండి, అవే చూపించుకుంటాము" అని. మంచి కోరికయే. అయితే దానికి జవాబు చెప్పకమునుపు నా యింట జరిగిన సంగతిని దాచక చెప్పవలసియున్నది.

రెండు సంవత్సరముల క్రిందట శ్రమల వారములో నేను ప్రతి సాయంకాలము చుట్టుపట్ల పేటలలో కూటములకు పోవుచుంటిని. ఒక రాత్రి పిల్లలు విసిగించుచుండగా, క్రీస్తు శ్రమలను గూర్చిన ఒక పెద్ద చిత్రమును ఫోనులో పెట్టి, "దేవుని బొమ్మే, చూచుకొనుడి" అని చెప్పి వెళ్లితిని. నేను దానిని పూర్తిగా చూచినవాడను కాను. నా భార్య వంట పనిలో నుండెను. పది గంటలకు తిరిగి వచ్చునప్పటికి తొమ్మిదేండ్ల నా కుమార్తె గోడకు ఆనుకొని వణకుచుండెను, దీపము ఆర్పనీయలేదు. నన్ను చూడగానే ఒక ప్రశ్న వేసెను: "నాయనా, యేసయ్యను అంతగా కొడుతుంటే వాళ్ల నాయన ఎందుకు ఊరుకున్నాడు?" పదమూడేండ్ల నా కుమారుడు ప్రక్కనుండి నవ్వి, "అది నెత్తురు కాదే పిచ్చిదానా, రంగునీళ్లు" అనెను.

ప్రియులారా, ఆ సాయంకాలము నేను సిలువను గూర్చి ఒక గంటసేపు ప్రసంగించి వచ్చితిని. నా యింటిలోనైతే ఒకతెకు భయము, ఒకనికి పరిహాసము పుట్టెను. తప్పు చిత్రముది కాదు, బిడ్డలదియు కాదు. రాళ్లు నిలువబెట్టి, బిడ్డ అడుగు వేళకు తండ్రి యింట లేకపోయెను. ఆ తప్పు నాది.

నా బాల్యము జ్ఞాపకమునకు వచ్చినది. "కరుణామయుడు" చిత్రము 1978వ సంవత్సరములో వచ్చినది. సేవకులు దానిని పల్లె పల్లెకు తీసికొనిపోయి, తెరకట్టి చూపుచుండిరి. మా గుడి యెదుట చూపిన రాత్రి మా తాత, అమ్మ, ఇరుగుపొరుగువారు అందరు ఒకే చాపమీద కూర్చుండిరి. సిలువ దృశ్యము రాగానే అమ్మ నన్ను దగ్గరకు తీసికొనెను. మరునాటి ప్రొద్దున ఉపదేశిగారు బైబిలు చేతపట్టుకొని మా వాకిట కూర్చుండి, రాత్రి చూచిన దానిని చదివి వినిపించిరి. అక్షరము రాని మా తాత అడిగిన ప్రశ్నలన్నిటికిని ఓపికతో చెప్పిరి. ఆనాడు చిత్రము చూపుటకు ఎంతో ప్రయాస యుండెను గాని, అడిగినవారికి చెప్పువాడుండెను. నేడు చిత్రము అరచేతిలోనికి వచ్చినది, చెప్పువాడు లేచిపోయెను. బొమ్మ ఎంతైన మాటలాడును గాని, బిడ్డ అడిగిన ప్రశ్నకు మారుమాట చెప్పదు.

కాబట్టి చిత్రములను ఎన్నుకొను విషయమై నేను నేర్చుకొనిన నాలుగు సంగతులు మీ యెదుట ఉంచుచున్నాను.

మొదటిది, పిల్లలకంటె ముందు పెద్దలు చూడవలెను. క్రీస్తు పేరు ఉన్నంతమాత్రమున ఏ చిత్రమైనను ఏ వయస్సు వారికైనను తగినది కాదు. 2004లో మెల్ గిబ్సన్ తీసిన "ది ప్యాషన్ ఆఫ్ ది క్రైస్ట్" అను చిత్రమునకు, అందలి హింసను బట్టి, అమెరికా దేశములో పదునేడేండ్ల లోపువారు పెద్దలు వెంటలేక చూడరాదను గురుతు వేసిరి. ప్రభువును కొరడాలతో కొట్టుట ఆ చిత్రములో ఎంతోసేపు చూపబడును. సువార్తికులైతే ఎట్లు వ్రాసిరి? మత్తయి, మార్కు, యోహాను ఒక్కొక్క మాటలో చెప్పి ముందుకు సాగిరి. పసివారికి పాలు, పెద్దవారికి బలమైన ఆహారము అను భేదము హెబ్రీ పత్రికలోనే యున్నది (5:13, 14).

రెండవది, వాక్యము ముందు, చిత్రము వెనుక. 1979లో వచ్చిన "జీసస్" చిత్రము లూకా సువార్తను ఆధారము చేసికొని తీయబడినది. తెలుగుతో కూడ రెండువేలకు పైగా భాషలలో దాని మాటలు చేర్చబడినవి. లూకా సువార్తలో 24 అధ్యాయములు కలవు. రాత్రికి ఒక అధ్యాయము చొప్పున ఇంటిల్లిపాది చదువుకొని, ఇరువది అయిదవ రాత్రి చిత్రము చూడుడి. అప్పుడు మీ పిల్లలే, "ఇది చదివినదే" అని ముందుగా చెప్పుదురు.

1956 నాటి "ది టెన్ కమాండ్‌మెంట్స్" చిత్రము మూడుగంటల నలువది నిమిషములు నడచును. అందులో మోషే యౌవనము, రాజకుమార్తె ప్రేమ, రాజకుమారునితో పోటీ విస్తారముగా చూపబడినవి. నిర్గమకాండము రెండవ అధ్యాయము తెరచి చూడుడి. పదియవ వచనములో మోషే పసివాడు. పదకొండవ వచనములో పెద్దవాడై తన సహోదరులయొద్దకు పోవుచున్నాడు. నడుమ ఆ ప్రేమకథ లేదు. చిత్రములో సముద్రము క్షణములలో చీలును. నిర్గమ 14:21లో బలమైన తూర్పుగాలి రాత్రియంతయు వీచెను. ఆ రాత్రి పొడుగునను వెనుక ఫరో సేన, ముందు నీళ్లు ఉండగా ఆ జనులు కనిపెట్టుకొని యుండిరి. మన కష్టములలో మనము నేర్చుకొనవలసిన పాఠము ఆ కనిపెట్టుటలోనే యున్నది! చిత్రము దానిని దాటిపోయినది. బెరయవారు పౌలు బోధనే లేఖనములతో సరిచూచిరి గదా (అపొ. కార్య. 17:11). చిత్రమును సరిచూచుట తప్పగునా?

మూడవది, నటుని ముఖము ప్రభువు ముఖము కాదు. "కరుణామయుడు"లో విజయచందర్ గారు యేసు పాత్ర ధరించిరి. ఒక వృద్ధురాలు, ప్రార్థనకు కన్నులు మూయగానే తనకు ఆ ముఖమే కనబడునని నాతో చెప్పెను. నాలుగు సువార్తలలో ఎక్కడను ప్రభువు ముఖ వర్ణన లేదు. 1959 నాటి "బెన్‌హర్" చిత్రములో క్రీస్తు కనబడును గాని, ఆయన ముఖము చూపబడదు. ఆ కథ 1880లో లూ వాలెస్ వ్రాసిన నవలనుండి వచ్చినది. బెన్‌హర్ అనువాడు బైబిలులో లేడు. ఇది కూడ పిల్లలకు చెప్పవలెను. చూడకయే ప్రేమించు విశ్వాసము మనది (1 పేతురు 1:8).

నాలుగవది, బైబిలు కథలే గాక విశ్వాసుల జీవితములును చూపుడి. 1981లో వచ్చిన "చారియట్స్ ఆఫ్ ఫైర్" అను ఆంగ్ల చిత్రమున్నది. అందులో ఎరిక్ లిడ్డెల్ అను స్కాట్లాండు యువకుడు, 1924 పారిస్ ఒలింపిక్ క్రీడలలో వంద మీటర్ల పరుగు తొలి పందెములు ఆదివారమున జరుగనున్నవని పరుగెత్తుటకు ఒప్పుకొనడు. తరువాత నాలుగువందల మీటర్ల పరుగులో 47.6 సెకండ్లలో గెలిచి బంగారు పతకము పొందెను. ఓడ ఎక్కునప్పుడే ఆయనకు ఆదివారపు సంగతి తెలిసినట్లు చిత్రములో చూపిరి. నిజముగా ఆయన నెలల ముందే యెరుగును. ఎరిగి, ఆలోచించి, మరియొక పరుగుకు తన్ను తాను సిద్ధపరచుకొనెను. ఇది క్షణికావేశము కాదు, స్థిరమైన విధేయత. ఆ చిత్రకథ పరుగుపందెముల చుట్టే తిరుగును. ఆయన 1925లో మిషనెరీగా చైనాకు పోయి, 1945లో జపానువారి నిర్బంధ శిబిరములో మరణించిన సంగతి మీరే చెప్పవలెను. చిత్రము ముగిసిన చోట తండ్రి మాట మొదలు కావలెను.

"మిరపకాయల కోతకు పోయి చీకటిపడి వచ్చువారము, మాకు తీరికెక్కడిది?" అని మీరడుగవచ్చును. మూడు గంటలు ఒకేసారి చూడనక్కరలేదు. ఆదివారము సాయంకాలము అరగంట చిత్రము, పావుగంట మాటలు చాలును. "మాకు చదువు రాదు" అందురా? చదువురాని తల్లి అడుగవచ్చును గదా! "నాయనా, ఇప్పుడు చూచినది పుస్తకములో ఉన్నదా? చదివి వినిపించు" అని అడుగుడి. తల్లి అడిగి, బిడ్డ చదివిన యింటిలో వాక్యము ఇద్దరిలోను పని చేయును.

నా కుమార్తె ప్రశ్నకు జవాబు ఒక్క రాత్రిలో ముగియలేదు. యోహాను 10:18 తెరచి, "ఎవరును ఆయన ప్రాణమును బలవంతముగా తీసికొనలేదమ్మా, తానే యిచ్చెను" అని చెప్పితిని. 2 కొరింథీ 5:19 చూపి, "తండ్రి దూరముగా నిలిచి చూడలేదు, క్రీస్తునందు ఉండి మనలను తన దగ్గరకు చేర్చుకొనెను" అని చెప్పితిని. కుమారుడు చాలసేపు మౌనముగా నుండి, "నాయనా, ఆ దెబ్బలను గూర్చి బైబిలులో ఇంత కొంచెమే వ్రాశారేమి?" అని అడిగెను. "దెబ్బలు లెక్కపెట్టుటకు వారు వ్రాయలేదు, ఆయనను నమ్మి జీవము పొందుటకు వ్రాసిరి" అని యోహాను 20:31 చదివించితిని. అతడు మరల నవ్వలేదు.

మరుసటి యేడు శ్రమల వారములో మేము నలుగురము లూకా సువార్త చదివి, ఆ చిత్రమును ఒకే చాపమీద కూర్చుండి చూచితిమి. సిలువ దృశ్యమునకు బిడ్డ కన్నులు మూసికొని నా చేయి పట్టుకొనెను. పట్టుకొనుటకు ఆ రాత్రి తండ్రి చేయి ప్రక్కనే యుండెను. అందుకు దేవునికి స్తోత్రము.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా బిడ్డలను మాకప్పగించితివి. మేము వారి చేతికి బొమ్మనిచ్చి, మా నోరు మూసికొనిన దినములకై మమ్మును క్షమింపుము. వారు చూచుదానిని ఎన్నుకొను వివేకమును, వారు అడుగునప్పుడు ప్రక్కన కూర్చుండు ఓపికను, నీ వాక్యమునుండి చెప్పు మాటను మాకు దయచేయుము. మా యిండ్లలో నీ కార్యములు తరతరములకు చెప్పబడును గాక. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.