గోటితో పోవునది

జంషెడ్‌పూరు నుండి ఖర్కాయి నది దాటి పడమటికి పోయినచో ఆదిత్యపురము, దాని తరువాత గమ్హరియా. రోడ్డు పొడుగున ఉక్కు కర్మాగారములు, యంత్రభాగములు చేయు చిన్న చిన్న షెడ్లు కనబడును. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి ఉక్కునగరమునకు తరతరములుగా వలసవచ్చిన తెలుగు కుటుంబములకు ఈ వాడ బాగుగా ఎరుకయే. ఇనుప ముక్కు గల బూట్లు తొడిగి షిఫ్టంతయు నిలిచి పనిచేయు మనిషికి కాలి బొటనవ్రేలి గోరు నొప్పి వింతయేమియు కాదు. అడిగినచో, ‘ఏమీ లేదు, గోరు కొంచెం పోటుగా ఉంది’ అని చెప్పి పనిలోనికి పోవును. విన్నవారు అతని ఓర్పును మెచ్చుకొందురు. ఆ మెప్పు న్యాయమైనదేనా?

నొప్పికి కారణము సాధారణముగా మిక్కిలి అల్పము. గోటి మూలలను గుండ్రముగా లోతుగా కత్తిరించినప్పుడు, లేక బిగువైన బూటు వ్రేళ్లను ఒత్తినప్పుడు, గోటి అంచు ప్రక్కనున్న కండలోనికి దిగును. శరీరము ఆ అంచును ముల్లువలె ఎంచును. చోటు ఎఱ్ఱబారి వాచును. చెమటకు నానిన మేజోళ్లలో క్రిములు చేరి చీము పట్టును. గోరుచుట్టుపై రోకటిపోటు అను సామెతను పుట్టించినవారు, వాచిన వ్రేలిపై దెబ్బ ఎట్టిదో అనుభవించినవారే అయియుందురు. షెడ్డులో బూటు లేని పాదముపై రోకలికి బదులు ఇనుపకడ్డీ పడును. గోటిక్రింద నెత్తురు చేరి నల్లబడి, గుండె కొట్టుకొన్నప్పుడెల్ల వ్రేలు కొట్టుకొనును. అట్టి దెబ్బకు ఎముక విరిగినదేమో ఎక్స్‌రే తీసి చూడవలసియుండును. వైద్యుడు గోటికి సన్నని రంధ్రము చేసి నెత్తురు వెడలించినచో, నిద్రపట్టనీయని పోటు కొద్దిసేపటిలోనే తగ్గును.

లోనికి దిగిన గోటికి తొలిదశలో చికిత్స ఇంటిలోనే కలదు. దినమునకు మూడు నాలుగు మారులు, పది పదునైదు నిమిషముల చొప్పున, పాదమును గోరువెచ్చని నీటిలో ఉంచి, తడి లేకుండ తుడిచి, వ్రేళ్లకు చోటిచ్చు పాదరక్షలు తొడుగవలెను. గోటిని అడ్డముగా, సూటిగా కత్తిరించవలెను. పిన్నుతోనో బ్లేడుతోనో మూలను త్రవ్వు అలవాటు చాల ఇండ్లలో ఉన్నది. అది గోటి పనిని గోరుకంటె త్వరగా చేయును. చీము కనబడినను, ఎఱ్ఱదనము ప్రాకినను వైద్యుని యొద్దకు పోవలెను. మాటిమాటికి తిరుగబెట్టు గోటి విషయములో, వ్రేలికి మత్తుసూది వేసి, గ్రుచ్చుకొను అంచును నిలువుగా తీసివేసి, ఆ అంచు మరల మొలవకుండ దాని మొదట ఫినాల్ అద్దుదురు. రోగి అదే దినమున ఇంటికి నడిచిపోవును. కాలిగోరు నెలకు ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే పెరుగును గనుక, ఊడిన బొటనవ్రేలి గోరు పూర్తిగా వచ్చుటకు ఏడాది నుండి ఏడాదిన్నర పట్టును. అక్కడ ఓర్పు నిజముగా అవసరము. తొలగింపరాని బాధయెదుట, తొందరపెట్టరాని కాలముయెదుట నిలిచియుండుట ఓర్పు. ఒక గిన్నెడు వేడినీటితోను ఒక సైజు పెద్ద బూటుతోను పోవు బాధను మోసికొని తిరుగుటకు ఆ పేరు చెల్లదు.

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని పెద్దలు అందురు. మధుమేహము గలవారి విషయములో ఈ సామెత అక్షరాల నిజమగుచుండుట భయంకరము. ఆ వ్యాధి దీర్ఘకాలము అదుపు తప్పినప్పుడు పాదములలోని నరములు స్పర్శ కోల్పోవును, రక్తప్రసారము తగ్గును. గోరు గ్రుచ్చుకొన్నను తెలియదు. పుండు పడినను తెలియదు. తెలిసిన నాటికి వ్రేలినో పాదమునో తీసివేయవలసి వచ్చును. నొప్పి లేనివాడు భాగ్యవంతుడని తలంచుట ఎంత పొరపాటో డాక్టరు పాల్ బ్రాండ్ జీవితకృషి తెలుపుచున్నది. 1914లో తమిళదేశపు కొల్లి కొండలలో జన్మించి, 1946లో వెల్లూరు వైద్యకళాశాలకు వచ్చిన ఈ శస్త్రవైద్యుడు, కుష్ఠరోగుల కాలుసేతులు అరిగిపోవుటకు ముఖ్యకారణము స్పర్శలేమి వలన వారికి తెలియక తగులు గాయములేనని చూపెను. తరువాత అమెరికాలో ఆయన బృందము కృత్రిమముగా నొప్పిని కల్పింప జూచినది. హెచ్చు ఒత్తిడి తగులగానే ధ్వని చేయు పరికరములు అమర్చిరి. రోగులు దానిని లెక్కచేయలేదు. విద్యుత్తు తాకిడిని అమర్చిరి. పని ముగించుకొనవలెనని తోచినప్పుడు రోగులు స్విచ్చి ఆర్పివేసిరి. ప్రయత్నము విడువవలసి వచ్చెను. నొప్పి వినబడుటకు దాని స్విచ్చి మనిషి చేతిలో ఉండరాదు.

అయితే గమ్హరియాలో ఆ స్విచ్చి మందుల దుకాణములో దొరకును. షిఫ్టుకు ముందు ఒక మాత్ర, మధ్యలో మరియొకటి. మాత్ర తప్పు కాదు; చికిత్సకు తోడుగా వచ్చినప్పుడు అది కరుణయే. చికిత్సకు బదులుగా వచ్చినప్పుడు అది సాక్షి నోరు మూయుట.

పాదరోగముతో బాధపడిన ఆసా రాజు వృత్తాంతమును ఇక్కడ జ్ఞాపకము చేసికొనవచ్చును. దినవృత్తాంతముల రెండవ గ్రంథము 16వ అధ్యాయమును చూపి, అతడు వైద్యులను ఆశ్రయించినందుననే నిందింపబడెనని కొందరు బోధించి, విశ్వాసులను ఆసుపత్రికి పోనీయరు. గ్రంథకర్త ఆక్షేపణ అతడు దేవుని వెదకకపోవుటనుగూర్చియే. వైద్యము పాపమని అక్కడ లేదు. ఇంతకు పూర్వమే జరిగినది మరింత గమనింపదగినది. తన తప్పును ఎత్తిచూపిన దీర్ఘదర్శియగు హనానీని రాజు కోపించి బందీగృహములో వేయించెను. మూలభాషలో ఆ గృహమునకు వాడబడిన మాట, యిర్మీయాను బంధించిన బొండకు వాడిన మాటయే. బాధ కలిగించు మాట చెప్పినవానిని బొండలో వేసిన రాజు కథలో తరువాత వచ్చునది అతని పాదముల నొప్పియే.

కార్మికుని మౌనమును ఈ రాజు మొండితనముతో పోల్చుట మాత్రము అన్యాయము. అతడు నొప్పిని విననివాడు కాడు. విన్నచో నాటి కూలి పోవుననియు, మరునాడు కంట్రాక్టరు మరియొకని పిలుచుననియు ఎరిగినవాడు. 1948 నాటి చట్టముతో ఏర్పడిన ఈ.ఎస్.ఐ. పథకము క్రింద, తగినన్ని దినములు చందా చెల్లింపబడిన కార్మికునికి రోగకాలములో సగటు కూలిలో 70 శాతము చొప్పున సంవత్సరమునకు 91 దినముల వరకు లభించును. చందా కట్టని యజమాని క్రింద పనిచేయువానికి ఆ ఆధారమును లేదు. వాని ఓర్పును మెచ్చుకొనుట సులభము, ఎందుకనగా ఆ ఓర్పునకు వెల చెల్లించువాడు అతడే. శిరస్సును పాదములను గూర్చి అపొస్తలుడు కొరింథీయులకు వ్రాసిన మాటలను ఆదివారమున చదువు సూపర్‌వైజరు, సోమవారమున తన వరుసలో కుంటుచున్నది ఎవరో చూడవచ్చును. స్టోరులో ఒక సైజు పెద్ద బూటు ఉన్నదేమో అడుగవచ్చును.

ఇంటిలో మధుమేహము గల పెద్దలున్నచో పని మరింత దగ్గరది. వారి గోళ్లను త్రవ్వరాదు. ఆనెలకు ఘాటు మందులు పూయరాదు. కాళ్లు కడుగు నీటి వేడిని వారి పాదముతో కాక ఇంకొకరి మోచేతితో పరీక్షింపవలెను. వంగి తన అరికాలు చూచుకొనలేని తండ్రి పాదములను ప్రతి రాత్రి ఎవరో ఒకరు దీపము దగ్గర చూడవలెను, వ్రేళ్ల సందులతో సహా.