పర్ణశాల కప్పిన చేతులు

అరణ్యకాండలో శ్రీరామచంద్రుడు పంచవటి చేరగానే ఇల్లు కట్టుమని తమ్మునికి చెప్పెను. లక్ష్మణుడు మట్టిగోడలు పెట్టి, గట్టి స్తంభములు నిలిపి, పొడవైన వెదుళ్లు వేసి, వానిపై జమ్మికొమ్మలు పరచి, త్రాళ్లతో బిగించి, దర్భలు, రెల్లు, ఆకులు కప్పెను. నేల చదును చేసెను. పిమ్మట గోదావరిలో స్నానమాడి, పూలు తెచ్చి, శాంతి జరిపి ఇంటిని అన్నగారికి చూపెను. రాముడు సంతసించి తమ్ముని కౌగిలించుకొనెను. ఇది పదునైదవ సర్గము. హేమంత వర్ణనము పదునారవ సర్గములో వచ్చును. చలి వచ్చునప్పటికే కప్పు సిద్ధముగా నున్నది.

సాక్షాత్తు రక్షకుడే లోపల ఉండగా కప్పు కారిన నేమి యని సౌమిత్రి తలపలేదు. పాలకడలిలో స్వామికి పడగలతో నీడపట్టు శేషుడే ఇచట త్రాటిముడులు బిగించెను. స్వామి రక్షించుననెడి విశ్వాసము శరణాగతికి అంగమే. కాని ఆ విశ్వాసము పేరిట చెదపట్టిన దూలమును చూచియు చూడనట్లుండుట సోమరితనము.

పులివెందుల ప్రాంతమువారికి రామకథ దూరపు కథ కాదు. వేంపల్లె చెంత పాపాఘ్ని కొండలను చీల్చుకొని వచ్చు గండిలో, శ్రీరాముడే బాణపుమొనతో ఆంజనేయుని రూపము గీసెనని స్థలపురాణము. ఆ పాపాఘ్నియే 2021 నవంబరు వరదలలో కమలాపురము వద్ద వంతెనను కూల్చెను. అదే నెల 19న, కార్తిక పౌర్ణమినాడు, రాజంపేట ప్రాంతమున చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగి పలువురు ప్రాణములు కోల్పోయిరి. కరవుసీమకు వాన భయమేమి యనువారు ఆ నెలను మరువరాదు. ఇచటి ముసురు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనములతో వచ్చును.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పల్లెలలోని పాత మట్టిమిద్దెలకు ఈ ముసురే పరీక్ష. పైమట్టి నీరు త్రాగి బరువెక్కును, లోన దూలము పుచ్చియుండును, రాత్రివేళ కూలును. కనుక కార్తికమునకు ముందే మిద్దెపై చౌడు పోయించి, నీరు పోవు తూములు శుభ్రము చేసి, దూలములను తట్టి చూడవలెను. నానిన గోడ ప్రక్కన పిల్లలను పరుండబెట్టరాదు. వాన వెలసి ఎండ కాసిన తరువాత కూలిన గోడలును కలవు.

ధనుర్మాసములో జమ్మలమడుగు నారపుర వేంకటేశ్వరుని గుడికి, పులివెందుల రంగనాథుని గుడికి చీకటితోనే వెళ్లువారు దీపము లేక పూలచెట్ల క్రింద చేయి పెట్టరాదు. పాము కరచినచో కోయుట, కట్టు బిగించుట వలదు. కరచిన అవయవమును కదల్చక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. వృద్ధులకు, రోగులకు వేడినీటి స్నానము దోషము కాదు. దీపారాధన వేళ కొంగు బిగించి దోపుకొనవలెను. కాలినచోట ఇరువది నిమిషములు చల్లని నీరు పోయవలెనే గాని సిరా, పసుపు పూయరాదు.

అన్నిటికంటె మోసకరమైనది కుంపటి. చలికి తలుపులు మూసి, బొగ్గులు రాజేసి నిద్రించినచో పుట్టెడి విషవాయువునకు వాసన లేదు, రంగు లేదు. నిద్రించువాడు మేలుకొనడు. పరుండుటకు ముందు కుంపటి వాకిటకు పోవలెను.

అంబులెన్సు సంఖ్య 108. జపమాల పూసల లెక్కయే గనుక పిల్లలకు ఒక్కసారి చెప్పిన చాలును.